మెదకులో చూచిన తేనెపిట్ట



మెదకు పట్టణానికి మేము ఎన్నిసార్లు వెళ్లామో లెక్క చెప్పలేము. క్రిస్మసు ఆరాధనకు వెళ్లాము, మీటింగులకు వెళ్లాము, పెండ్లిండ్లకు వెళ్లాము, మందుల కోసం వెళ్లాము. అయినా అన్నిసార్లలో మేము చూడని సంగతిని గత ఫిబ్రవరి నెలలో ఐదవ తరగతి చదువుతున్న ఒక చిన్నపిల్ల మాకు చూపించింది. ఆ సంగతినీ, దాని వెంట మాకు కలిగిన సిగ్గునూ మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా పల్లె మెదకుకు దగ్గరలోనే ఉన్నది. మా సండే స్కూలు పిల్లలలో చాలామంది కెథడ్రల్‌ను క్యాలెండరు మీద చూచినవారే గాని కళ్లారా చూచినవారు కారు. అందుకని ఒక రెండవ శనివారం మినీబస్సు మాట్లాడుకొని, ఇరవై ఇద్దరు పిల్లలను, నలుగురు తల్లులను వెంటబెట్టుకొని బయలుదేరాము. స్త్రీల మైత్రి వారు తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి ఇచ్చారు. తొమ్మిది గంటలకు రాందాస్ చౌరస్తా దాటి చర్చి గేటు ముందు దిగాము.

ఆ గోపురాన్ని మొదటిసారి చూచే పిల్లల ముఖాలను చూడడమే ఒక పండుగ. తలలు వెనక్కి వాల్చి, నోళ్లు తెరిచి నిలబడిపోయారు. సుమారు 175 అడుగుల ఎత్తు గోపురము, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల ఆలయము. కరువు కాలంలో ఆకలితో అల్లాడుతున్న జనానికి పని, పనికి కూలి, కూలితో అన్నం దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో ఈ పని మొదలుపెట్టించారని మా తాతల కాలం నుండి చెప్పుకుంటాము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అంటే 2024 క్రిస్మసు నాటికి సరిగ్గా నూరేళ్లు నిండాయి. ‘మెతుకు’ అనే మాట నుండే మెదకు అనే పేరు వచ్చిందని పెద్దలంటారు. ఆ పేరుకు తగిన కట్టడమే ఇది.

ఇవన్నీ పిల్లలకు మేము గంభీరంగా చెబుతూ ఉంటే ఆ ఐదవ తరగతి పిల్ల మాత్రం గోపురం వైపు చూడడం లేదు. దారి ప్రక్కనున్న పూల పొద వైపు చూస్తోంది.

“అయ్యగారూ, గా పిట్టను చూడుండ్రి! పువ్వుల మూతి పెట్టింది!”

చూచాము. బొటనవ్రేలంత పిట్ట. వంగిన సన్నని ముక్కు. ఒక మందారం దగ్గర క్షణంసేపు గాలిలోనే రెక్కలాడించి, వెంటనే కొమ్మ పట్టుకొని వ్రేలాడి, పువ్వు మొదట్లో ముక్కు గుచ్చింది. నీడలో నల్లగా ఉన్నది. అది కొంచెం ఎండలోకి జరిగేసరికి నీలం, ఊదా, ఆకుపచ్చ రంగులు ఒక్కసారిగా వెలిగినట్టయింది.

“గిదేం పిట్ట అయ్యగారూ?”

పిల్లలు అడిగితే తెలియదని చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఎప్పుడో ఒక పత్రికలో చూచిన బొమ్మ జ్ఞాపకం వచ్చింది. “దీనిని హమ్మింగ్ బర్డ్ అంటారు బిడ్డా. ప్రపంచంలోకెల్లా చిన్న పిట్ట ఇదే” అని ధైర్యంగా చెప్పేశాము. పిల్లలందరూ నోటు పుస్తకాలు తీసి వ్రాసుకున్నారు కూడా.

అక్కడే అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి మెల్లగా మా దగ్గరకు వచ్చారు. హైస్కూలులో సైన్సు చెప్పి రిటైరైన సారు అట. ప్రతి ఉదయం అక్కడకు నడకకు వస్తారట. పిల్లల ముందు మమ్ములను చిన్నబుచ్చడం ఇష్టంలేక, ప్రక్కకు పిలిచి చెవిలో చెప్పినట్టు అన్నారు: “అయ్యగారూ, ఏమనుకోకండి. హమ్మింగ్ బర్డ్ మన దేశంలో లేదు. ఇది తేనెపిట్ట.”

మాకు ముఖం ఎర్రబడింది. మేము చదివిన థియాలజీ డిప్లొమాలో పిట్టల పాఠం లేదు నిజమే. గాని తెలియనిది తెలిసినట్టు చెప్పమని కూడా అక్కడ ఎవరూ నేర్పలేదు. పిల్లలను మళ్లీ పిలిచి, “మేము చెప్పినది తప్పు, కొట్టివేయండి. సారు చెప్పేది వ్రాసుకోండి” అన్నాము. సారు ఎంతో సంతోషించి వేపచెట్టు క్రింద పిల్లలను కూర్చోబెట్టి మొదలుపెట్టారు.

హమ్మింగ్ బర్డ్ జాతులు మూడువందల పైచిలుకు ఉన్నాయట. అన్నీ ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలలోను, వాటి చుట్టూ ఉన్న దీవులలోను మాత్రమే. జమైకా దీవిలో పొడవాటి జంట తోక ఈకలతో ఎగిరే హమ్మింగ్ బర్డ్ ఆ దేశపు జాతీయ పక్షి. క్యూబా దీవిలో ఉండేది మరీ విచిత్రము. దానిని తేనెటీగ హమ్మింగ్ బర్డ్ అంటారు. ప్రపంచంలోని పక్షులన్నిటిలో చిన్నది అదే. ముక్కు కొన నుండి తోక కొన దాకా అయిదారు సెంటీమీటర్లు. బరువు సుమారు రెండు గ్రాములు.

“రెండు గ్రాములంటే ఎంత సారూ?” అని ఒక పిల్లవాడు అడిగాడు.

“మీ ఇంట్ల చింతగింజలుంటయి గద. రెండో మూడో అరచేతిల పెట్టుకో. అంతే బరువు” అన్నారు సారు. పిల్లలందరూ తమ అరచేతులు చూచుకున్నారు.

దాని రెక్కలు సెకనుకు ఎనభైసార్లు కొట్టుకుంటాయట. అందుకే పువ్వు ముందు గాలిలో నిలబడి తేనె త్రాగగలదు, వెనక్కి కూడా ఎగరగలదు. జతకట్టే కాలంలో మగపిట్ట తల, గొంతు నిప్పులాగా ఎర్రగా మెరుస్తాయి, వీపు నీలంగా ఉంటుంది. ఆడపిట్టకు పైన పచ్చని రంగు, క్రింద తెలుపు. సాలెగూటి దారాలతో, చెట్టు బెరడు పీచుతో అంగుళం వెడల్పు గల గిన్నెలాంటి గూడు కట్టి, బఠాణి గింజలంత గుడ్లు రెండు పెడుతుంది. క్యూబాలోను, దానిని ఆనుకొని ఉన్న చిన్న దీవిలోను తప్ప భూమి మీద మరెక్కడా అది బ్రతకదు. అక్కడి అడవులను నరికి పొలాలుగా, పశువుల బీళ్లుగా మార్చుతున్న కొద్దీ వాటి సంఖ్య తగ్గిపోతున్నదట. సారు చివరిగా ఒక మాట అన్నారు: “దీవి పిట్టకు ప్రక్క ఊరు ఉండదు. ఉన్న చోటు పోతే అంతే.” ఆ మాట అప్పుడు విని ఊరుకున్నాము. తరువాత మాకు అది గుచ్చుకున్నది.

మరి మన తేనెపిట్ట? హమ్మింగ్ బర్డుకు ఇది చుట్టమేమీ కాదు. తేనెపిట్టలు ఆఫ్రికా నుండి మన దేశం మీదుగా ఆస్ట్రేలియా వరకు ఉంటాయి. ఇవి పిచ్చుకలు, కాకులు ఉన్న పెద్ద వర్గంలోనివి. రెండూ తేనె త్రాగే పనిలో ఉన్నవి గనుక రెంటికీ పొడవాటి ముక్కు, మెరిసే ఈకలు, చిన్న ఒళ్లు ఉన్నాయి. ఇద్దరు వేర్వేరు ఊళ్ల కుమ్మరులు ఒకరినొకరు చూడకుండానే ఒకే రకం కుండ చేసినట్టు. అయితే మన పిట్ట హమ్మింగ్ బర్డులాగా ఎక్కువసేపు గాలిలో నిలబడలేదు. కొమ్మ దొరికితే కూర్చొనే త్రాగుతుంది. దాని నాలుక సన్నని గొట్టంలాగా ఉండి తేనెను పీల్చుతుంది.

మెదకు ప్రాంతంలో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. రెండూ పది సెంటీమీటర్ల లోపే. మేము చూచినది ఊదారంగు తేనెపిట్ట. మగది పూర్తిగా నల్లనీలంగా మెరుస్తుంది. ఈ అలంకారం జతకట్టే కాలంలోనే. ఆ కాలం పోయాక అది ఆ వస్త్రాన్ని విడిచి ఆడపిట్టలాగా సాదా రంగులోకి వస్తుంది. గొంతు నుండి పొట్ట దాకా నల్లని గీత ఒకటి మాత్రం మిగులుతుంది. రెండవ రకంలో మగదానికి పొట్ట పసుపు, రొమ్ముకు అడ్డంగా ముదురు ఎరుపు పట్టీ, తల మీద పచ్చని మెరుపు, నడుము మీద ఊదా రంగు. ఆడపిట్టలు రెండింటిలోనూ వెలిసిన గోధుమ రంగు, పసుపు రంగులతో సామాన్యంగా ఉంటాయి. కాని ఇల్లు కట్టేది మాత్రం ఆ సామాన్యమైన తల్లే.

అటు తరువాత పిల్లలను ఆలయం లోపలికి తీసుకువెళ్లాము. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము చూపించే రంగుటద్దాల కిటికీలు మూడింటిని చూచారు. ఆ అద్దాలను రాత్రిపూట లోపలి నుండి చూస్తే చీకటి పలకల్లాగే ఉంటాయి. బయట సూర్యుడు ఉంటేనే నీలం నీలంగా, ఎరుపు ఎరుపుగా పలుకుతుంది. అప్పుడు ఆ చిన్నపిల్ల అన్నది: “పిట్ట లెక్కనే అయ్యగారూ! నీడల నల్లగ, ఎండల రంగు.” సారు తల ఊపి, చిన్న తేడా చెప్పారు. అద్దంలో రంగు కలిపి ఉన్నది. పిట్ట మెడ మీది ఆ మెరుపు రంగుపొడి వలన వచ్చినది కాదు. ఈక అల్లిక మీద వెలుగు పడి విరిగినప్పుడు పుట్టే రంగు అది. సబ్బు బుడగ మీద రంగులు తిరిగినట్టు. పిట్ట కొంచెం మెడ తిప్పితే రంగు పోతుంది, మళ్లీ తిప్పితే వస్తుంది.

మధ్యాహ్నం పులిహోర తిని, సారును కూడా బస్సులో ఎక్కించుకొని పోచారం వెళ్లాము. మెదకుకు పదిహేను కిలోమీటర్ల దూరం. పూర్వం నిజాం ప్రభువుల వేటస్థలము. తరువాత వన్యప్రాణుల అభయారణ్యమైంది. ఆ ఫిబ్రవరి ఎండలో మోదుగ చెట్లు ఆకులన్నీ రాల్చి, నిలువెల్లా ఎర్రని పూలతో నిలబడి ఉన్నాయి. ఒక్క చెట్టు మీదనే తేనెపిట్టలు నాలుగైదు కనబడ్డాయి. మగపిట్టలు ఒకదానినొకటి తరుముకుంటూ “చివిట్ చివిట్” అని అరుస్తున్నాయి. పువ్వులో దూరిన పిట్ట నుదుటికి పుప్పొడి అంటుకొని పచ్చగా కనిపించింది. ఆ పుప్పొడినే మరో చెట్టు పువ్వుకు మోసి కాయ కట్టిస్తుంది. ఊరికే త్రాగిపోయే అతిథి కాదు, కూలి ఇచ్చిపోయే అతిథి.

సాయంత్రం తిరిగివచ్చి ఖిల్లా గుట్ట ఎక్కాము. పొద్దు గూకుతుండగా కోట గోడల చుట్టూ కొడవలిలాంటి రెక్కలున్న నల్లని పిట్టలు కీచుకీచుమంటూ గుంపులుగా తిరుగుతున్నాయి. వాటిని స్విఫ్టులంటారట. “హమ్మింగ్ బర్డుకు మన దేశంలో చుట్టాలెవరైనా ఉన్నారంటే అవి ఇవే” అన్నారు సారు. మేము నవ్వాము. పొద్దున మేము చుట్టమనుకొన్నది చుట్టము కాదు. చుట్టమని కలలో కూడా అనుకోనిది చుట్టము.

అక్కడితో ఈ ప్రయాణం ముగిసిందని వ్రాస్తే బాగుండేది. కాని అసలు సంగతి పల్లెలో జరిగింది.

మా చర్చి ముందర దక్షిణపు గోడ ప్రక్కగా పాత కాగితంపూల పొద ఒకటి, రెండు దానిమ్మ చెట్లు, ఒక మునగ చెట్టు ఉండేవి. గుడ్ ఫ్రైడే ఆరాధనకు జనం కూర్చోవడానికి స్థలం చాలడం లేదని, వాటిని కొట్టివేసి షాబాదు బండలు పరిపించాలని జనవరిలోనే కమిటీ తీర్మానం చేసింది. మేమూ సంతకం చేశాము. స్థలం చాలని మాట నిజమే. ముసలివారు ఎండలో నిలబడుతున్నారు.

మెదకు నుండి వచ్చిన మూడవ వారంలో ఆ పిల్లే పరుగెత్తుకుంటూ వచ్చింది. కాగితంపూల కొమ్మకు చేతి సంచిలాగా ఒక గూడు వ్రేలాడుతున్నది. దగ్గరకు వెళ్లి చూస్తే చెత్త చిక్కుకున్నట్టు ఉన్నది. ఎండుటాకుల ముక్కలు, బెరడు పొట్టు, సాలెగూడు అన్నీ కలిపి కట్టినది. ప్రక్కన చిన్న ద్వారము. ద్వారం మీద వానకు అడ్డంగా చూరు. తల్లి లోపల కూర్చొని ఉంటే ముక్కు మాత్రమే బయటకు కనబడుతున్నది. “పెద్దలతో చెప్పుండ్రి అయ్యగారూ, నెల దినాలు ఆగమనుండ్రి” అన్నది పిల్ల. చెబుతామన్నాము.

చెప్పలేదు. ఆ ఆదివారం కానుకల లెక్కల మాట వచ్చింది. బుధవారం కూటంలో మేస్త్రికి బయానా ఇచ్చామని ఒక పెద్ద అన్నప్పుడు, పిట్టగూడు మాట ఎత్తితే నవ్వుతారేమోనని నోరు మెదపలేదు. శుక్రవారం ప్రక్క తండాలో భూస్థాపన ఉండి వెళ్లాము. సాయంత్రం తిరిగి వచ్చేసరికి పొద నేల మీద ఉన్నది. పనివారి తప్పు లేదు. వారికి ఎవరు చెప్పారు గనుక?

పిల్ల చర్చి మెట్ల మీద కూర్చొని ఉన్నది. ఒళ్లో గూడు. అందులో రెండు గుడ్లు. ఒకటి పగిలింది. రెండవది పగలలేదు గాని చల్లబడిపోయింది. మమ్ములను చూచి ఏమీ అనలేదు. అంటే బాగుండేది. తల్లిపిట్ట పొద ఉన్న చోటికే వచ్చి, గోడ మీద వ్రాలి, మళ్లీ ఎగిరి, మళ్లీ వచ్చి వెదుకుతున్నది. రెండు పిచ్చుకలను గూర్చి ప్రభువు చెప్పిన మాట మీద మేము ఎన్ని ప్రసంగాలు చేశామో! ఆ సాయంత్రం ఒక్కటీ మాకు ఆదరణ కాలేదు.

ఆ రాత్రే సంఘపెద్దలను పిలిచి, జరిగినదంతా చెప్పాము. మాట ఇచ్చి తప్పినది మేమేనని ఒప్పుకున్నాము. ఒక పెద్ద కోపగించి, “పిట్ట కోసం పని ఆపుదుమా అయ్యగారూ? ముసలోళ్లు ఎండల కూసుంటరు” అన్నారు. ఆయన మాటలోనూ న్యాయమున్నది. రెండు గంటలు మాట్లాడాక ఆయనే ఒక మార్గం చెప్పారు: “దానిమ్మ, మునగ ఉండనియ్యుండ్రి. వాటి చుట్టు బండలు పరిపిద్దాం. నీడకు నీడ అయితది.” ఎండలో నిలబడే ముసలివారికి బండల కంటే నీడే అవసరమని మాలో ఎవరికీ అంతకు ముందు తోచలేదు!

మార్చి చివరిలో మా శ్రీమతి బట్టలారేసే తీగ మీద ఏదో పోగు వ్రేలాడుతుంటే దులపబోయి ఆగింది. సాలెదారము! ఆ పిట్టేనో, వేరొకటో మేము చెప్పలేము గాని, ఒక ఆడ తేనెపిట్ట మా వరండాలో గూడు మొదలుపెట్టింది. మగపిట్ట తీగ మీద కూర్చొని చూడడమే తప్ప పోగు మోయలేదు. మా శ్రీమతి మా వైపు చూచి నవ్వింది. ఆ ఆరు వారాలూ మా బట్టలు కంచె మీదనే ఆరాయి. తల్లి రెండు గుడ్లు పెట్టి, సుమారు పదిహేను రోజులు తానే పొదిగింది. పిల్లలు పుట్టాక మాత్రం తండ్రి కూడా సాలెపురుగులు, చిన్న పురుగులు తెచ్చి పెట్టాడు. తేనె పెద్దలకే గాని పిల్లలు ఎదగడానికి పురుగులు కావాలట. ఆ పిల్ల ప్రతి సాయంత్రం బడి నుండి నేరుగా మా వరండాకే వచ్చేది. దూరంగా, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడేది. మే నెల మొదటి వారంలో ఒక ఉదయం గూడు ఖాళీగా ఉన్నది. మునగ కొమ్మ మీద రెండు పిల్లలు ముక్కులు తెరుచుకొని అరుస్తున్నాయి.

ప్రియులారా, క్యూబా దీవిలోని పిట్టను మేము చూడబోము. మీరూ చూడకపోవచ్చును. దానిని కాపాడడం మన చేతిలో లేదు. కాని మన పెరడు మన చేతిలో ఉన్నది. మునగ, దానిమ్మ, మందారం, అరటి, ఏదో ఒకటి పూయనివ్వండి. పూలచెట్ల మీద పురుగుమందు కొట్టవద్దు. మామిడి కొమ్మ మీది బదనికను తీసివేయవలసివస్తే తీయండి గాని, దాని పూలకు కూడా ఈ పిట్టలు వస్తాయి గనుక ముందుగా గూడు ఉన్నదేమో చూడండి. పొదను కొట్టించే ముందు ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి. చెత్త చిక్కుకున్నట్టు కనబడేది ఒక తల్లి ఇల్లు కావచ్చును. గూడు కనిపిస్తే చేతితో ముట్టవద్దు, ఒక నెల ఓపిక పట్టండి.

ఆనాడు మెదకులో సారు చెప్పిన మాట మాకు ఇప్పుడు అర్థమవుతున్నది. దీవి అంటే సముద్రం మధ్యనే ఉండనక్కరలేదు. చుట్టూ బండలు పరచుకుంటూ పోతే, మిగిలిన ఒక్క పూలపొదే ఆ చిన్నపిట్టకు దీవి.

వచ్చే రెండవ శనివారం పిల్లలను తీసుకొని మళ్లీ మెదకు వెళ్తున్నాము. ఈసారి పిట్ట పేరు పిల్లలనే చెప్పమంటాము.